ఎనిమిదో గడిలో పిల్ల

1883, జనవరి 24. వేగెసాక్.

ఓడ మునిగింది. పేరు సింబ్రియా. బోర్కుమ్ దీవి దగ్గర పొగమంచులో ఇంకో ఓడ వచ్చి తగిలిందట. నాలుగు వందల మందికి పైగా పోయారు, చాలామంది పిల్లాజెల్లాతో వలసపోతున్నవాళ్ళే. మా ఆయన హారో పొద్దున్నే మూడు పేపర్లు కొనుక్కొచ్చాడు. చలికాలంలో మా ఇంట్లో రొట్టె మీదికి వెన్న లేకపోయినా పేపరు మాత్రం ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడ ఎవరి కొంప మునిగినా మాకు తెలియాలి. దాని మీద మా ఆయన పాట కడతాడు, నేను గుడ్డ మీద పటం గీస్తాను. తిరణాళ్ళలో ఆయన బల్లెక్కి కర్రతో చూపిస్తూ పాడుతుంటే నేను కింద పాటపెట్టె పిడి తిప్పుతూ పాట కాయితాలు అమ్ముతాను. ఇదీ మా బతుకు. అమ్ముడుపోని కాయితాల వెనక ఇలా రాసుకుంటాను.

"ఏడాది మొదట్లోనే దొరికింది" అన్నాడు హారో. నా ముఖం చూసి పేపరు మడతపెట్టేశాడు.

ఫిబ్రవరి 2.

పొగమంచు గీయడం కన్నా మంట గీయడం వందరెట్లు నయం. ఓడ మునిగాక తెరచాప స్తంభాల కొసలు మాత్రం నీళ్ళ పైన మిగిలాయట. వాటికి మనుషులు తెల్లవార్లూ వేలాడారట. ఆరో గడి అదే. ఒక్కొక్కరి వేళ్ళూ గీస్తుంటే నా వేళ్ళు కొంకర్లు పోయాయి.

పటానికి తొమ్మిది గడులు. తొమ్మిదోదాంట్లో ఎప్పుడూ సమాధో, దేవదూతో, లోకానికి చెప్పే బుద్ధో ఉంటుంది. అది జనం కోసం. బతికి బయటపడ్డవాళ్ళని ఎనిమిదో గడిలో వేస్తాను. అది నాది.

ఫిబ్రవరి 6.

ఇమ్కె వచ్చింది.

ఫిబ్రవరి 7.

నిన్న రాసింది చూసుకుంటే పిచ్చిదాని రాతలా ఉంది. వచ్చింది అంటే, ఎనిమిదో గడిలోకి. గీసింది నేనే. పడవలో నావికుడి బూడిదరంగు దుప్పటి కప్పుకుని కూర్చుంది, జడ కొస నోట్లో పెట్టుకుని. రెండేళ్ళ కిందట గొంతుజబ్బుతో పోయిన దగ్గర్నుంచీ ఏ పటం మొదలుపెట్టినా ఎనిమిదో గడికి వచ్చేసరికి అదే వచ్చి కూర్చుంటోంది. వియన్నాలో నాటకశాల తగలబడ్డప్పుడూ అంతే, మంటల్లోంచి అగ్నిమాపకుడి భుజం మీద ఇమ్కె బయటికొచ్చింది. వేరే పిల్లని గీద్దామనే మొదలుపెడతాను. ఎందుకో కుదరదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

హారో దీపం దగ్గరికి తెచ్చి చాలాసేపు చూశాడు.

"ఇంత చిన్నపిల్ల బతికినట్టు పేపర్లో లేదే" అన్నాడు.

నేను కుంచెలు కడుక్కుంటున్నాను.

"సరేలే, ఉండనీ. అందరూ పోతే జనం ఏడ్చుకుంటూ ఇంటికి పోతారు. ఒక్క పిల్ల బతికిందంటే ఏడ్చుకుంటూ కాయితం కొంటారు."

ఆ పిల్ల ఎవరని ఆయన అడగడు. నేను చెప్పను. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. అలాగే బాగుంది.

మార్చి 19.

చలి. రంగులు గిన్నెలోనే గడ్డకట్టాయి.

ఏప్రిల్ 10. యేవర్.

బండి కదిలింది. తిరణాలలో మళ్ళీ గేషె అత్త పక్కనే చోటు దొరికింది. అట్లు పోసి అమ్ముతుంది, ఆవిడకి తెలియని ఊరూ లేదు, ఆవిడ తిట్టని మనిషీ లేడు. కొత్త పటం విప్పగానే పెనం వదిలేసి వచ్చి చూసింది.

"మళ్ళీ అదేనా. పిల్లికి ఏడు ప్రాణాలంటారు, నీ పిల్లకి ఎన్ని పెట్టావే" అంది.

"ఏదో ఒక ముఖం వెయ్యాలి కదా అత్తా."

"వెయ్యి వెయ్యి. నా అట్లన్నీ ఒకే ముఖంతో ఉంటే నేనేం అనగలను." ఓ అట్టు చేతిలో పెట్టి పోయింది. ఆవిడకి ఇమ్కె అంటే ప్రాణం. చక్కెర ఎక్కువ చల్లిన అట్టు ఎప్పుడూ దానికే ఇచ్చేది.

మే 14. వారెల్. పెంతెకొస్తు పండగ తిరణాల.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హారో బల్లెక్కి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు: "ఇది కళ్ళతో చూసి గీసినది." ఆయన తండ్రీ అదే అనేవాడు, తాతా అదే అనేవాడు. వాళ్ళెవరూ తాము పాడిన ఏ యుద్ధమూ చూసిన పాపాన పోలేదు. అయినా మా వృత్తికి అదొక్కటే ఒట్టు. పటం మీదిది అబద్ధమని ఎన్నడూ నోటితో అనకూడదు. అంటే ఆ ఊళ్ళో ఇక బల్ల వేయనివ్వరు.

కర్ర ఎనిమిదో గడి మీదికి వచ్చేసరికి ముందు వరసలోంచి ఒకామె వచ్చి పటం మీద చెయ్యి వేసింది. చాకలిపని చేసే చేతులు, వేళ్ళ చివర్లు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అయ్యా, ఈ పిల్ల ఎక్కడుంది?"

"దేవుడి దయవల్ల క్షేమం తల్లీ" అన్నాడు హారో, పాట గొంతుతోనే.

"ఎక్కడ అని అడుగుతున్నాను. ఇది మా ఎల్స్‌బె."

నేను పెట్టె తిప్పడం ఆపేశాను.

"జడ కొస చూడండి, ఎలా నోట్లో పెట్టుకుందో. ఆ అలవాటు మాన్పించాలని ఎన్ని దెబ్బలు వేశానో. చివరికి ఆవాల ముద్ద కూడా పూశాను. అది చప్పరించి, బాగుందమ్మా అంది." జనం నవ్వారు. ఆమె కూడా కాస్త నవ్వింది. "మా తమ్ముడూ మరదలూ వెళ్తుంటే వాళ్ళతో పంపాను. నేను కాస్త కూడబెట్టుకుని వెనక వద్దామనుకున్నాను. పోయినవాళ్ళ పేర్లు చదివినప్పుడు తమ్ముడి పేరుంది, మరదలి పేరుంది. దీని పేరు మాత్రం పోయినవాళ్ళలోనూ లేదు, బతికినవాళ్ళలోనూ లేదు. మరి నాకెలా తెలుస్తుంది చెప్పండి. ఇవాళ తెలిసింది."

హారో నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అది నా కూతురమ్మా, రెండేళ్ళ కిందటే పోయింది, అనాలి. పోయింది అన్న ఆ రెండో ముక్క నేను అనలేకపోయాను.

"బోర్కుమ్ వాళ్ళెవరో తీసుకెళ్ళారని విన్నాం తల్లీ" అన్నాడు హారో.

ఆమె పేరు మెటా ల్యూర్స్. వెళ్ళేముందు పాట కాయితం కొంది. డబ్బులు వద్దనాలని కూడా తోచలేదు. తీసుకున్నాను.

మే 15.

నేనేమీ అనలేదు. అన్నది హారో.

మే 17.

ఎవరి పిల్లో ఒకతి నిజంగానే ఆ దీవిలో ఉండొచ్చు. లేదని ఎవరు చెప్పగలరు? పొగమంచులో ఎన్ని పడవలు తిరిగాయో ఎవరు చూశారు? ఉండొచ్చు. జడ కొస నోట్లో పెట్టుకునే పిల్ల లోకంలో ఇమ్కె ఒక్కతే కాదుగా.

మే 20.

గేషె అత్త అట్టు ఇవ్వలేదు. "నోరు మూసుకుని కూడా అబద్ధమాడొచ్చని నీ దగ్గర నేర్చుకున్నానే తాల్కె" అంది.

జూన్ 30.

ఏమీ లేదు. వాన.

ఆగస్టు 4. ఎమ్డెన్.

ఇటలీ వైపు ఇస్కియా అనే దీవిలో భూకంపం. స్నానాలకీ షికార్లకీ వచ్చినవాళ్ళు, అక్కడి జనం, వేలమంది. రాత్రి భోజనాలై పాటకచేరీలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే పోయారట. హారో రెండు రోజుల్లో పాట కట్టేశాడు.

ఈసారి ముందే నిశ్చయించుకున్నాను. ఎనిమిదో గడిలో ముసలాయన. రాళ్ళ కిందినుంచి తెల్లగడ్డం ముసలాయన్ని లాగుతున్నట్టు. గడ్డం దాకా బాగానే వచ్చింది.

ఆగస్టు 6.

గడ్డం చెరిపేశాను. ముసలాయన భుజాలు మరీ సన్నగా వచ్చాయి, అవి పిల్ల భుజాలే. ఇంక నేనేం చేయను.

ఆగస్టు 7.

బోర్కుమ్ ఇక్కణ్ణుంచి దగ్గరే. పొద్దున పడవెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. మన పటం అక్కడ బాగా అమ్ముడుపోతుందేమో అన్నాను హారోతో. ఆయన నా కళ్ళలోకి చూసి, "వద్దు" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. నేను అడగనందుకు ఆయన మీద కోపం తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 14. అవురిక్.

జావా దగ్గర సముద్రంలో కొండ పేలిందట. దాంతో లేచిన అల ఊళ్ళకి ఊళ్ళనే కడిగేసింది. ముప్ఫై వేల మంది అంటున్నారు, ఇంకా ఎక్కువే అంటున్నారు. ముప్ఫై వేల మంది ఎంతమందో నాకు ఊహకి రాలేదు. గట్టు తెగి సముద్రం ఊరి మీద పడటం మాకు కొత్త కాదు, మా అవ్వల కాలం నుంచీ వింటున్న కథే. అలని అలాగే గీశాను. చిక్కంతా చెట్లతో వచ్చింది. అక్కడ కొబ్బరిచెట్లుంటాయట. హారో సారాకొట్లో ఒక ముసలి నావికుణ్ణి పట్టుకుని అడిగి వచ్చాడు.

"కర్ర మీద చీపురు తలకిందులుగా గుచ్చినట్టు ఉంటుందట."

"కొమ్మలో?"

"కొమ్మలుండవట."

"కొమ్మల్లేని చెట్టు మీద పిల్లని ఎక్కడ కూచోబెట్టను?"

హారో వచ్చి పటం ముందు నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, "రెండు కొమ్మలు వేసుకో తాల్కె" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాతో ఇంత మెత్తగా మాట్లాడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కొబ్బరిచెట్టుకి రెండు కొమ్మలు వేశాను. ఇమ్కె ఎక్కి కూర్చుంది.

అక్టోబరు 22. బ్రేమెన్ తిరణాల.

మూడు పటాలూ పక్కపక్కన కట్టాం. ఓడ, భూకంపం, అల. జనం ఇసక వేస్తే రాలడం లేదు. జావా పటం దగ్గర ఒక కుర్రకారు గుంపు పగలబడి నవ్వింది.

"జావాలో కూడా పిల్లల జుట్టు మనలాగే గోధుమరంగులో ఉంటుందా ముసలాయనా?"

"కళ్ళతో చూసి గీసినది" అన్నాడు హారో.

"ఎవరి కళ్ళతో?"

అప్పుడు చూశాను. వాళ్ళ వెనక మెటా ల్యూర్స్ నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. జావా పటంలో చెట్టు మీద పిల్లని చూసింది. ఇస్కియా పటంలో రాళ్ళలోంచి వస్తున్న పిల్లని చూసింది. ఓడ పటం దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది. ఒకదాన్నుంచి ఒకదానికి, మళ్ళీ మొదటికి. హారో పాడుతూనే ఉన్నాడు, గొంతు మాత్రం సన్నగిల్లింది.

"పిల్ల బాగా తిరుగుతోంది" అంది నాతో.

అంతే. జనంలో కలిసిపోయింది. వెనకాలే పరిగెత్తాల్సింది. పాటపెట్టె వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆగాను. ఎవడూ ఎత్తుకుపోడు ఆ పాత పెట్టెని.

అక్టోబరు 23.

నిద్ర లేదు. కళ్ళు మూస్తే చెట్టు మీంచి పిలుస్తోంది. ఎవర్ని పిలుస్తోందో తెలియడం లేదు.

నవంబరు 28. వేగెసాక్.

పొద్దు గూకాక ఆకాశం అంటుకుంది. సూర్యుడు దిగిపోయి ఎంతో సేపయినా పడమర అంతా నెత్తురులా ఎర్రగా అలాగే నిలిచిపోయింది. ఎక్కడో ఊరు తగలబడుతోందని గంటలు కొట్టారు. మంటలార్పే బండి గుర్రాలు మా వీధిలోంచి దౌడు తీశాయి. హారో కూడా బకెట్టు పట్టుకుని పరిగెత్తాడు.

ఎవరో తలుపు తట్టారు, తీసి చూస్తే మెటా ల్యూర్స్. ముఖమంతా ఎర్రగా వెలుగుతోంది.

"మంట కాదట" అంది. "ఆకాశమేనట. ఇది కూడా పటం వేసుకోండి."

లోపలికి రమ్మన్నాను. వచ్చింది గానీ కూర్చోలేదు. మా ఇంటి గుర్తులు గేషె అత్త చెప్పిందట.

"వేసవంతా బోర్కుమ్‌లోనే ఉన్నాను. స్నానాలకొచ్చిన దొరసానుల బట్టలు ఉతికాను. ఉతికిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఇంట్లోకి తొంగిచూశాను. దొంగదాన్నని ఒకచోట కుక్కని వదిలారు. గోధుమరంగు జడ కనిపిస్తే చాలు, వెనకబడి పోయేదాన్ని. తిరిగి చూస్తే వేరే ముఖం. నాకు కోపం కూడా వచ్చేది, ఆ పిల్లల మీద." ఊపిరి తీసుకుంది. "ఎవరక్కా ఆ పిల్ల?"

"ఇమ్కె" అన్నాను. ఆ పేరు పలికేసరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మా అమ్మాయి."

"ఎక్కడుంది?"

"ఇక్కడే. చర్చి వెనకాల."

"రాయి వేశారా?"

"చెక్క. పేరు రాయించాం."

"అదృష్టవంతురాలివి" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది.

క్షమించమని అడగబోయాను. చెయ్యి ఎత్తి ఆపేసింది.

"నాకది వద్దు. ఆ పిల్లని చచ్చిపోయినట్టు గీయి."

"అది మా ఇమ్కె."

"నాకిచ్చావుగా దాన్ని. నోరు విప్పకుండా ఇచ్చేశావు. బతికున్నదాన్ని ఇచ్చి దీవంతా తిప్పావు. ఇప్పుడు పోయినదాన్ని ఇవ్వు. మా పిల్ల సముద్రంలో ఎక్కడుందో నాకు తెలియదు. ముఖం చూడలేదు, మట్టి వేయలేదు. ఎక్కడో ఒకచోట నిలబడి ఏడవాలి కదక్కా నేను. మీ గుడ్డ ముక్క తప్ప నాకింకేముంది?"

హారో నిండు బకెట్టుతో తిరిగొచ్చాడు, పోయడానికి మంట ఎక్కడా దొరక్క. ఆమెని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె వెళ్తుంటే పక్కకి తప్పుకుని టోపీ తీశాడు.

నవంబరు 29.

గీయను. ఎలా గీస్తాను? లోకంలో దాన్ని బతికించే చోటు అదొక్కటే. ఆ ఒక్క గడీ నా చేతులతో నేనే తీసేయాలట.

ఇవాళ కూడా సాయంత్రం అదే ఎరుపు. అది జావా కొండ బూడిదేనని, గాలిలో తేలుతూ ఇక్కడిదాకా వచ్చిందని పేపర్లో ఎవరో పండితుడు రాశాడట. హారో చదివి నవ్వబోయి నవ్వలేదు. అంత దూరాన్నుంచి, అన్ని రోజులు, ఎవరి ఇళ్ళో ఎవరి పిల్లలో పోయిన చోటి నుంచి. చూడకుండా గీశాం కదా, చూడండి అని వచ్చినట్టుంది.

నవంబరు 30.

ఓడ పటం విప్పి కిటికీ దగ్గర పెట్టుకున్నాను. పగలు ధైర్యం చాలలేదు. ఎరుపు మొదలయ్యాక కూర్చున్నాను. ముందు కళ్ళు మూశాను. తర్వాత చెంపలకి తెలుపు పూశాను. ఆ వెలుగులో తెలుపు కూడా గులాబీరంగే. ఎంత పూసినా పిల్ల చెంపల్లో నెత్తురు పోదే. ఇంకా తెలుపు, ఇంకా బూడిద. ఆడుకుని అలిసిపోయి నిద్రపోతున్నట్టే ఉంది. పోయిందని చెప్పేది ఏదీ ఆ ముఖంలో లేదు. హారో వెనక నిలబడి దీపం పట్టుకుంటానన్నాడు. వద్దన్నాను.

చివరికి జడ కొస నోట్లోంచి తీసి రొమ్ము మీద పెట్టాను. నిజంగా కూడా నేనే తీశాను, ఆ రోజు. పళ్ళు గట్టిగా బిగిసిపోయి ఉన్నాయి. మెల్లగా, ఒక్కొక్క వెంట్రుకా. ఇది ఎక్కడా రాయలేదు నేను ఇంతవరకు.

డిసెంబరు 1.

పగటి వెలుతురులో చూశాను. చచ్చిపోయింది.

అచ్చం అది పోయిననాటి ముఖమే. అదే చెవి, అదే పెదవి. ఇన్నాళ్ళుగా ఈ ముఖం నాకు గుర్తు లేదనుకున్నాను. చేతికి గుర్తుంది. పటం ముందు కింద కూలబడి ఏడ్చాను. హారో కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇమ్కె" అన్నాడు. "ఇమ్కె తల్లీ."

డిసెంబరు 9.

మిగతా అంతా ఆరింది. జడ కొస ఒక్కటి ఇంకా తడిగా ఉంది. అక్కడ నూనె ఎక్కువ కలిపినట్టున్నాను.

డిసెంబరు 16. హాంబుర్గ్. క్రిస్మస్ తిరణాల.

మెటా వచ్చింది. నల్లబట్టలు వేసుకుంది, గేషె అత్త చెయ్యి పట్టుకుని ముందు వరసలో నిలబడింది. హారో పాడుతూ ఒక్కొక్క గడీ దాటాడు. ఎనిమిదో గడి మీద కర్ర పెట్టాడు. పాట మార్చి రాసుకున్నాడు గానీ పాడలేకపోయాడు. నేను పెట్టె తిప్పుతూనే ఉన్నాను. మాటల్లేకుండా రాగం ఒక్కటే పోతోంది. మెటా వచ్చి పిల్ల నుదుటి మీద వేలు పెట్టింది, రంగు చెరిగిపోతుందేమో అన్నంత మెల్లగా. "ఎల్స్‌బె" అంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. అంతమంది జనంలో అంత బాహాటంగా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు. ఎవరూ నవ్వలేదు.

వెనకనుంచి ఎవరో పెద్దాయన అడిగాడు: "ఇది నిజమేనా?"

దానికి జవాబు హారోది. ఆ మాట వాళ్ళ తాతల నాటిది. ఆయన నా వైపు చూశాడు.

పెట్టె ఆపాను.

"నిజమే" అన్నాను. "కళ్ళతో చూసి గీశాను."

అదే రోజు, తర్వాత.

పటం చుట్టి పెడుతుంటే వేలికి ఏదో అంటింది. గోధుమరంగు. జడ కొస ఇంకా ఆరలేదు. చలికి రంగు ఆరదు, అంతే.